ఫస్ట్ హాఫ్ చూడని అబ్బాయి

ఆ శనివారం మధ్యాహ్నం అమెరికాలోని రాలీలో సన్నగా వాన పడుతోంది. యూనివర్సిటీ స్టేడియంలో రెండు గంటలకి బాస్కెట్‌బాల్ ఆట. ఒంటిగంట దాటేసరికే చుట్టుపక్కల కార్లు పెట్టుకునే లాట్లన్నీ నిండిపోయాయి. ఒకచోట "ఫుల్" అని బోర్డు. ఇంకోచోట "పర్మిట్ ఓన్లీ". మరోచోట పసుపుపచ్చ కోటు వేసుకున్న మనిషి, దేవకుమార్ కారు కనిపించగానే దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపేశాడు.

దేవకుమార్‌ది బాపట్ల. ఎనభై మూడు వేసవిలో చదువు ముగించి రిసెర్చ్ ట్రయాంగిల్ పార్కులోని ఒక కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. చేరిన కొత్తలోనే నీలంరంగు పాత డాట్సన్ కారు ఒకటి కొనుక్కున్నాడు. ఆఫీసులో ఒకాయన కొన్ని నెలలు వేరే ఊరెళ్తూ, ఆ సీజన్ ఆటలన్నిటికీ పనికొచ్చే తన టికెట్టు ఇతనికిచ్చి, "ఆట మిస్సయితే నా మొహం చూడకు" అని మరీ చెప్పి వెళ్ళాడు. ఆట సంగతి సరే, కారు పెట్టుకోవడానికి ఇంత అవస్థ పడాలని మాత్రం చెప్పలేదు.

అదే వీధిని ఎన్నోసారో చుట్టి వస్తుంటే కనిపించింది. గేటుకి దగ్గర్లో, రెండు పెద్ద కార్ల మధ్య, అచ్చంగా డాట్సన్ పట్టేంత ఖాళీ.

ఆ ఖాళీ మధ్యలో ఒకమ్మాయి ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

దేవకుమార్ హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. అద్దం దించాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ, కొంచెం జరుగుతారా?"

"సారీ. ఇది టేకెన్," అంది ఆమె అచ్చమైన అమెరికన్ ఇంగ్లీషులో.

"కానీ ఇక్కడ కారు లేదే?"

"వస్తోంది."

దేవకుమార్‌కి ఒళ్ళు మండింది. అద్దం ఎక్కిస్తూ తనలో తను అనుకున్నట్టే, కానీ పైకే అన్నాడు. "బస్సులో సీటుకి రుమాలేసినట్టు ఏకంగా మనిషినే వేశారే!"

ఆమె వంగి కారులోకి చూసింది. పెద్ద కళ్ళు. వాటిలో కోపం కంటే నవ్వే ఎక్కువుంది.

"వేశాం కదా రుమాలు? మీరు ఇంకో బస్ చూసుకోండి," అంది తెలుగులో. యాస కొంచెం తేడాగా ఉన్నా మాట మాత్రం సూటిగా తగిలింది.

దేవకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. డాట్సన్‌ని ముందుకి పోనిచ్చాడు. చివరికి ఎక్కడో ఒక లాండ్రీ వెనకాల చోటు దొరికింది. గోడమీద ఏదో బోర్డుంది. వానలో దిగి చదివే ఓపిక లేదు. అక్కణ్ణుంచి తడుస్తూ నడిచి స్టేడియంలో అడుగు పెట్టేసరికి సగం ఆట అయిపోయి, జనమంతా పాప్‌కార్న్ కోసం బయటికొస్తున్నారు.

ఆట అయ్యాక లాండ్రీ దగ్గరికి వెళ్ళి చూస్తే కారు లేదు. బోర్డుంది. దానిమీద, ఇక్కడ నిలిపిన కార్లను ఎత్తుకుపోతామని రాసి, ఎక్కడికో కూడా రాసి ఉంది.

*

ఫోన్ బూత్ కోసం వెతుక్కుంటూ రోడ్డు పక్కన నడుస్తున్నాడు. రోడ్డుమీద కార్లు ఒకదాని వెనక ఒకటి చీమల బారులా ఉన్నాయి. వాటిలోంచి ఒక పెద్ద స్టేషన్ వ్యాగన్ కారు అతని పక్కగా ఆగింది. స్టీరింగ్ ముందు తెల్లజుట్టు పెద్దమనిషి.

"బాబూ! తెలుగువాడివేనా?"

"అవునండీ."

"నా అంచనా తప్పదు! వానలో ఎక్కడికయ్యా నడక? ఎక్కు, ఎక్కు."

పెద్దాయన పక్కసీట్లో ఎర్ర గొడుగు కనిపించింది. దాని వెనక ఆ అమ్మాయి.

"నాన్నా, ఆయనకి వేరే బస్ ఉందేమో," అంది ఆమె ముందుకే చూస్తూ.

వేరే బస్సు లేదని దేవకుమార్ ఒప్పుకోక తప్పలేదు. వెనక తలుపు తీసి కూర్చోబోతే సీటుమీద ఒక చేతికర్ర అడ్డంగా ఉంది.

"అది కొంచెం జరిపి కూర్చో," అన్నాడు పెద్దాయన. "నాదే. మొన్నామధ్య మంచులో కారు జారి ఎడమ మోకాలు నుజ్జయింది. లోపల ఇనప కడ్డీ వేశారు. అదృష్టం, ఈ దేశంలో కారు తోలడానికి కుడికాలొక్కటి చాలు! నడకే కష్టం. అందుకే మా నవోమి ముందు దిగి చోటు వెతికి నిలబడుతుంది. నేను చుట్టూ తిరిగొస్తాను."

దేవకుమార్ చేతికర్రని జాగ్రత్తగా పక్కకి పెట్టాడు. అద్దంలో నవోమి కళ్ళు కనిపించాయి.

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా?" అన్నాడు మెల్లగా.

"మీరు అడగలేదుగా?"

పెద్దాయన పేరు ప్రేమానందం. రాలీ పక్కనే క్యారీలో ఇల్లు. మందుల కంపెనీలో కెమిస్ట్. గుంటూరులో చదివే రోజుల్లో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్. ఇవన్నీ ఒక్క సిగ్నల్ దగ్గరే చెప్పేశాడు. తర్వాతి సిగ్నల్ దగ్గర దేవకుమార్ ఊరు, ఇంటిపేరు, తండ్రి ఉద్యోగం, బాపట్లలో ఏ చర్చికి వెళ్ళేవాళ్ళో కనుక్కున్నాడు. ఎత్తుకుపోయిన కార్లు పెట్టే యార్డు చేరేసరికి, ఆదివారం సాయంత్రం క్యారీలో జరిగే తెలుగు ఆరాధనకి రావాలని మాట కూడా తీసేసుకున్నాడు.

కారు దిగుతుంటే నవోమి అద్దం దించింది.

"రుమాలు మాట..." అంటూ ఆగింది. "బస్సులో నిజంగా అలా వేస్తారా?"

"కిటికీలోంచి. దూరం నుంచే విసురుతాం."

ఆమె పకపకా నవ్వింది. డాట్సన్ విడిపించుకోవడానికి జేబులో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చిన దేవకుమార్, ఇంటికి మాత్రం ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

*

తెలుగువాళ్ళు ఆదివారం సాయంత్రాలు ఒక అమెరికన్ చర్చి హాలు తీసుకుని ఆరాధన జరుపుకునేవారు. పాటలయ్యాక పులిహోర, కాఫీ. నవోమి తల్లి కరుణమ్మ రాలీ ఆస్పత్రిలో నర్సు. మొదటి ఆదివారమే దేవకుమార్ ప్లేటులో మూడోసారి పులిహోర వడ్డిస్తూ, "ఒక్కడివే వండుకు తింటావా బాబూ? మొహం చూస్తేనే తెలుస్తోంది," అంది.

నవోమి ఎనిమిదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. ఇప్పుడు ఆస్పత్రి లాబ్‌లో పని చేస్తోంది. దేవకుమార్ పేరుని మొదటివారమే "డేవ్" అని కత్తిరించేసింది.

"పిలవటానికి ఈజీ. మీ పేరులో స్టాప్స్ ఎక్కువ," అంది.

ఒక ఆదివారం కాఫీ కప్పులు కడుగుతూ అతనితో చెప్పింది. "నిన్న ప్లేస్ పట్టుకుని నిలబడితే ఒక ట్రక్ వాడు నా మోకాలి దాకా వచ్చేశాడు, డేవ్. నేను కదల్లేదు. వాడు తిట్టాడు. నాన్నకి చెప్పలేదు. చెప్తే ఆట మానేస్తారు."

"హ్యాండీక్యాప్డ్ పర్మిట్ తీసుకోవచ్చుగా? గేటు పక్కనే చోటిస్తారు."

"డాక్టర్ ఇస్తానన్నాడు. అమ్మ చెప్పింది, నేను చెప్పాను. నాన్న వినరు. ఆ వీల్‌చెయిర్ బొమ్మ ఆయన కారుమీద వద్దంట. 'నేను ప్లేయర్‌ని' అంటారు."

ఆమె నవ్వుతూనే చెప్పింది. కప్పు తుడుస్తున్న చేతులు మాత్రం ఆగిపోయాయి.

"వచ్చే శనివారం నువ్వు నిలబడొద్దు," అన్నాడు దేవకుమార్. "మీరు" పోయి "నువ్వు" వచ్చిందని ఇద్దరూ గమనించారు. నవోమి మళ్ళీ కప్పు తుడవసాగింది.

*

శనివారం పొద్దున్నే, లాట్లు ఇంకా ఖాళీగా ఉండగానే, దేవకుమార్ గేటు పక్కన కారు పెట్టి కూర్చున్నాడు. డాట్సన్ అయితే ప్రేమానందం గుర్తుపడతాడని, తనతోపాటు అపార్ట్‌మెంట్‌లో ఉండే ఉదయ్ కారు అడిగి తెచ్చాడు. టోపీ కళ్ళమీదకి లాక్కున్నాడు. ఇంటినుంచి తెచ్చుకున్న బ్రెడ్డూ ఆవకాయా తిన్నాడు. రేడియో విన్నాడు. నిద్రపోయి లేచాడు.

ఒంటిగంట తర్వాత మలుపులో స్టేషన్ వ్యాగన్ ముక్కు కనిపించింది. వెంటనే ఇంజన్ స్టార్ట్ చేసి మెల్లగా బయటికి లాగాడు.

వ్యాగన్‌లో నవోమి, "నాన్నా, చూడు! ఎవరో వెళ్ళిపోతున్నారు!" అంది.

"ప్రభువు దయ!" అన్నాడు ప్రేమానందం, ఆ చోట్లోకి దర్జాగా తిప్పుతూ.

దేవకుమార్ మాత్రం మళ్ళీ లాట్లన్నీ తిరిగి, ఊరి చివర చోటు దొరికించుకుని, నడిచి వచ్చేసరికి ఫస్ట్ హాఫ్ అయిపోయింది. ఆ శనివారమే కాదు, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆటకీ అదే వరస. ప్రేమానందం పక్కన ఖాళీగా ఉన్న సీట్లో రొప్పుతూ కూర్చునేవాడు.

"అబ్బాయ్, నీకు ఆట రెండింటికని ఎవరూ చెప్పలేదా?" అని పెద్దాయన చిరాకుపడేవాడు. "ఇంత ఆలస్యంగా వచ్చేవాడివి ఉద్యోగం ఎలా చేస్తున్నావయ్యా? ఎంత మంచి షాట్ మిస్సయ్యావో తెలుసా!"

నవోమి పాప్‌కార్న్ సంచీ వెనకనుంచి అతని వైపు చూసేది. ఆ చూపు కోసం ఊరి చివర్నుంచే కాదు, పక్క ఊరినుంచైనా నడవొచ్చనిపించేది అతనికి.

ఫిబ్రవరిలో ఒక శనివారం చలికి ఉదయ్ కారు స్టార్ట్ కాలేదు. వేరే దారి లేక దేవకుమార్ డాట్సనే తీసుకెళ్ళాడు. టోపీ ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు.

వ్యాగన్ వచ్చింది. డాట్సన్ బయటికి కదిలింది. నవోమి "నాన్నా, ఎవరో..." అనబోయి, నీలం కారు చూసి నోరు మూసుకుంది.

ప్రేమానందం వ్యాగన్‌ని డాట్సన్‌కి ఎదురుగా ఆపి అద్దం దించాడు.

"దేవుడు నీలం డాట్సన్‌లో తిరుగుతాడని బైబిల్లో నేనెక్కడా చదవలేదే!"

దేవకుమార్ టోపీ తీశాడు. "అంకుల్..."

"ప్రతిసారీ నువ్వేనా?"

"అవునండీ."

"నీకూ తెలుసా అమ్మా?" అని కూతుర్ని అడిగాడు. ఆమె తల దించుకుంది.

ఆయన కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది. "నా నెత్తిన ప్రభువు దయ కురుస్తోందనుకున్నాను. ఇది మీ దయా!" అని మాత్రం అన్నాడు. ఆ ఖాళీలో కారు పెట్టలేదు. వ్యాగన్ వెనక్కి తిప్పుకుని, ఆట చూడకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

దేవకుమార్‌కి గేటు పక్కనే చోటుంది. చేతిలో టికెట్టుంది. ఆట మొదలవడానికి ఇంకా టైముంది. ఆ రోజు అతనికి లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.

*

మరుసటి ఆటకి ప్రేమానందం వెళ్ళలేదు. చర్చిలో పలకరిస్తే "బాగున్నావా" అనేసి పక్కకి తప్పుకున్నాడు. ఆ వారమే నవోమి ఫోన్ చేసింది.

"టీవీలో కూడా చూడట్లేదు, డేవ్. ఆన్ చేసి సౌండ్ తీసేస్తారు. అమ్మ అడిగితే తలనొప్పి అంటారు. మనం లై చెప్పాం కదా ఆయనకి. అదే హర్ట్."

"నేనొచ్చి మాట్లాడతాను."

"ఏమని?"

"తెలీదు."

శనివారం క్యారీ వెళ్ళాడు. ఆ నిశ్శబ్దమైన వీధిలో కావలసినంత చోటు. కారు ఎక్కడ పెట్టినా ఎవరూ ఏమీ అనరు. అయినా దేవకుమార్ కాసేపు కారులోంచి దిగలేకపోయాడు.

కరుణమ్మ వంటింట్లో గారెలు వేస్తోంది. ప్రేమానందం ముందుగదిలో కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు.

"కూర్చో," అన్నాడు. "ఒక్కటే అడుగుతాను. ఈ కుంటివాణ్ణి చూసి నీకంత జాలెందుకేసిందయ్యా?"

"జాలి కాదండీ."

"మరేంటి? పొద్దున్నే వచ్చి చలిలో కూర్చోవడం, నన్ను చూడగానే చోటు వదలడం, ఊరి చివర్నుంచి నడవడం... ఎవరికోసం చేస్తారు ఇలా? ముసలివాళ్ళకి, రోగిష్టివాళ్ళకి. నేను బాస్కెట్‌బాల్ కోర్టులో ఎగిరితే గుంటూరంతా లేచి నిలబడేది. అలాంటివాణ్ణి మీరిద్దరూ కలిసి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకు తిప్పినట్టు తిప్పారు."

దారిపొడుగునా దేవకుమార్ మనసులో కూర్చుకున్న మాటలన్నీ అది వినగానే చెదిరిపోయాయి. మిగిలింది నిజం ఒక్కటే.

"అంకుల్, మీరు కోప్పడనంటే చెప్తాను. మీ కాలు గురించి నేను అసలు ఆలోచించనే లేదు."

ప్రేమానందం కనుబొమలు పైకి లేచాయి.

"ట్రక్కు నవోమి మోకాలి దాకా వచ్చిందని విన్నాను. అప్పట్నుంచీ తను అలా నిలబడటం నాకు ఇష్టం లేదు. మీ రెండు కాళ్ళూ బాగుండి, మీరు పరుగెత్తుకుంటూ ఆటకి వచ్చినా సరే... తను వస్తుందంటే నేను పొద్దున్నే వెళ్ళి చోటు పట్టేవాణ్ణే. మీకు అబద్ధం చెప్పడం మాత్రం తప్పు. దానికి క్షమించండి."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మేడమెట్ల మీద ఎవరో దిగుతున్న అడుగులు కూడా మధ్యలోనే నిలిచిపోయాయి.

"ఏ ట్రక్కు?" అన్నాడు ప్రేమానందం. తర్వాత, "సరే, అది దాన్నే అడుగుతాను. ముందు ఇది చెప్పు. అంటే నా కాలితో నీకేం సంబంధం లేదా?"

"లేదండీ."

"నామీద జాలి లేదు?"

"ఇసుమంతైనా లేదండీ."

"అంతా మా అమ్మాయి కోసం?"

"అవునండీ."

ప్రేమానందం అతని మొహంలోకి తేరిపార చూశాడు. తర్వాత కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. "కరుణా! విన్నావా? వీడికి నామీద జాలి లేదట! పిల్ల కోసం చేశాడట! ఓరి నీ... ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఇన్నాళ్ళూ నేనెంత కుమిలిపోయాను!"

"విన్నాం లెండి," అంది కరుణమ్మ గుమ్మంలోకి వచ్చి. ఆమె చేతిలో గారెల పళ్ళెం, కళ్ళలో తడి. "వీధి చివరివాళ్ళకి కూడా వినపడింది. తిను బాబూ, చల్లారిపోతాయి."

అప్పుడు నవోమి మెట్లు దిగి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అది సిగ్గని దేవకుమార్ అనుకున్నాడు.

"డేవ్, నాన్నకి చెప్పారు. అమ్మకి చెప్పారు. వీధి చివరి వాళ్ళకి కూడా చెప్పారు. నాకెవరు చెప్తారు?"

దేవకుమార్ నోట్లో గారె అలాగే ఉండిపోయింది.

"నా గురించి మాట, నాకు కాకుండా అందరికీ! ఐ యామ్ మ్యాడ్," అని గిర్రున తిరిగి పైకి వెళ్ళిపోయింది.

"వాళ్ళమ్మ పోలిక," అన్నాడు ప్రేమానందం గర్వంగా.

*

మరుసటి వారమే ప్రేమానందం డాక్టరు దగ్గరికి వెళ్ళి పర్మిట్ తెచ్చుకున్నాడు. ఆదివారం చర్చి బయట దేవకుమార్‌ని పిలిచి వ్యాగన్ అద్దంలోంచి దాన్ని చూపించాడు.

"ఈ బొమ్మ నాకిప్పటికీ నచ్చలేదు. అయితే దీన్ని చూడటం కంటే, నా కూతురి మీదకి ట్రక్కు రావడం నాకు కష్టం. పైగా నువ్వు ఈ సీజనంతా సగం సగం చూశావు. బాస్కెట్‌బాల్ సగం చూడటం పాపం నాయనా. చివరాటకి నవోమిని నీ కారులో తీసుకురా. మేం ముందుగా వెళ్తాం."

"తను వస్తానందా?"

"అడిగి చూడు. ఈసారి దాన్నే అడుగు."

అడిగాడు. "వస్తా. ప్లేస్ వెతకటం మీకు వచ్చో రాదో చూడాలిగా," అంది.

రాదనే తేలింది. పొద్దున్నే వచ్చి చోటు పట్టి కూర్చోవడం వేరు, పక్కన నవోమి ఉండగా వెతకడం వేరు. "అదిగో లెఫ్ట్‌లో," అని ఆమె అంటే, ఆమె వైపే చూస్తూ రైటుకి తిప్పాడు. ఖాళీ ఒకటి కనిపిస్తే అందులో మోటార్‌సైకిల్. ఇంకోటి కనిపిస్తే, కారు అడ్డం పెట్టకూడని అగ్నిమాపక పంపు. చివరికి చాలా దూరంలో చోటు దొరికి, మార్చి గాలిలో ఇద్దరూ పరుగులాంటి నడకతో లోపలికి చేరేసరికి ఫస్ట్ హాఫ్ ముగియబోతోంది.

గేటు పక్కనే కారు పెట్టుకుని, అందరికంటే ముందొచ్చి కూర్చున్న ప్రేమానందం, తొలిసారి ఆటకొచ్చిన కరుణమ్మకి ఫౌల్ అంటే ఏమిటో చెబుతున్నాడు. వీళ్ళని చూసి, "నువ్వు బాగుపడవయ్యా!" అన్నాడు.

ఆ రోజు వాళ్ళ జట్టు ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. బయటికొచ్చిన జనమంతా కార్లెక్కారు. ఒక్క కారూ కదల్లేదు. పోలీసు ఈల, బంపర్‌కి బంపర్, సన్నగా మొదలైన వాన. మిగతా రోజుల్లో దేవకుమార్ ఈ పాటికి స్టీరింగ్‌ని గుద్దుతూ ఉండేవాడు.

వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. నవోమి తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"నవోమీ."

"ఊఁ."

"మీ నాన్నగారికి చెప్పిన మాట నీకే ముందు చెప్పాల్సింది. భయమేసింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువగా వేస్తోంది. కానీ ఎటూ పారిపోలేను. ముందు కారు, వెనక కారు." అతను ఆమె వైపు తిరిగాడు. "నువ్వంటే నాకు ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె కూడా అతని వైపు తిరిగింది.

"నేను తెలుగు తప్పులు మాట్లాడతాను."

"నేను కార్లు తప్పు చోట పెడతాను."

"ఉద్యోగం మానను. అమ్మా నాన్నకి దూరంగా వెళ్ళను."

"నాకు మాత్రం క్యారీలో గారెలు వదులుకుని ఎక్కడికెళ్ళాలనుంది?"

"అయితే ఎస్," అంది నవోమి. అంతటితో తృప్తి లేక, "అవును. చేసుకుంటా," అని తెలుగులో కూడా చెప్పింది.

ముందున్న కారు కదిలింది. అతను కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. దేవకుమార్‌కి వినిపించనే లేదు. నవోమి చెయ్యి చాపి, అతని చేతిమీదుగా డాట్సన్ హారన్‌ని గట్టిగా, పొడుగ్గా నొక్కింది. గెలిచిన సంతోషంలో ఉన్న పక్క కారువాడు వెంటనే తనదీ మోగించాడు. వాడి పక్కవాడూ మోగించాడు. కాసేపటికి వానలో ఆ లాటంతా హారన్లతో మార్మోగిపోయింది.